టెర్రాజెన్ 3 నుంచి 4కు: నేల పాతదే, ఆకాశం కొత్తది

ప్లానెట్‌సైడ్ సంస్థ తయారుచేసే టెర్రాజెన్ అనేది కొండలు, ఆకాశం వంటి ప్రకృతి దృశ్యాలను కంప్యూటర్‌లో నిర్మించే సాఫ్ట్‌వేర్. అందులో మూడో వెర్షన్ 2013లోనూ, నాలుగోది 2016లోనూ వచ్చాయి. రెండింటినీ ఏళ్ల తరబడి వాడాను. ఇప్పటికీ మూడు దగ్గరే ఆగి, డబ్బు పెట్టి మారడమా, ఉన్నదానితో సర్దుకోవడమా అని తటపటాయిస్తున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. నా పని ప్రధానంగా మన ప్రాంతపు భూదృశ్యాలతోనే. గండికోట, నల్లమల, పాపికొండలు వంటి చోట్లను ఉపగ్రహాల ద్వారా, రాడార్ ద్వారా సేకరించిన ఎత్తుల డేటా ఆధారంగా కంప్యూటర్‌లో నిర్మించి, డాక్యుమెంటరీలకూ ప్రదర్శన పటాలకూ పనికివచ్చే స్థిరచిత్రాలుగా రెండర్ చేస్తుంటాను, అంటే వెలుగునీడలు లెక్కగట్టి తుది చిత్రంగా తీస్తుంటాను. యానిమేషన్ చేసేది తక్కువ కనుక దాని గురించి చెప్పేదీ తక్కువే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొండలు, రాళ్లు, నేల రంగులు మాత్రమే మీ పనైతే నాలుగో వెర్షన్‌లో మీకు దొరికే కొత్తదనం స్వల్పం. మేఘాలూ, సాయంకాలపు వెలుతురూ, గాలిలోని మసకా మీ చిత్రానికి ప్రాణమైతే మాత్రం, ఒకసారి నాలుగుకు అలవాటుపడ్డాక మళ్లీ మూడును తెరవబుద్ధి కాదు.

మొదట నేల సంగతి. వెర్షన్ మార్చగానే నేను తెరిచి చూసినది గండికోట ఫైల్. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారే ఆ గండి ఈ తరహా సాఫ్ట్‌వేర్‌కు గట్టి పరీక్ష పెడుతుంది, ఎందుకంటే అక్కడ అసలు డేటాయే చాలదు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష షటిల్ నుంచి రాడార్‌తో సేకరించిన ఎత్తుల డేటాలో ఒక బిందువుకూ మరో బిందువుకూ మధ్య దూరం సుమారు 30 మీటర్లు. కోట కింద నది వెడల్పు 300 అడుగులకు మించదని చెబుతారు కాబట్టి, నదికి అడ్డంగా చూస్తే మనకు దక్కేవి మూడు బిందువులు. నిటారుగా లేచిన రాతి గోడలు ఆ డేటాలో ఏటవాలు గట్లుగా కరిగిపోయి, లోయ కాస్తా దున్నిన చాలులా తయారవుతుంది. రాడార్ కిరణం సరిగా దిగని నిటారు చోట్ల అసలు విలువలే లేని ఖాళీలు కూడా ఉంటాయి. వాటిని ముందుగా పూడ్చుకున్న డేటానే దించుకోవాలి. ఇస్రో వారి కార్టోశాట్-1 ఉపగ్రహం ఆధారంగా తయారై భువన్ పోర్టల్‌లో లభించే ఎత్తుల డేటాను కూడా వాడి చూశాను. అదీ 30 మీటర్ల మెట్టులోనే ఉంటుంది కనుక గండి విషయంలో పెద్దగా ఒరిగిందేమీ లేదు.

అందువల్ల గండికోట గోడలను కట్టేది నిజానికి డేటా కాదు, ఉపరితలానికి రూపమూ రంగూ ఇచ్చే షేడర్లే. క్వార్ట్‌జైట్ రాయి పొరలు పొరలుగా, దాదాపు అడ్డంగా పరుచుకుని, నిలువు పగుళ్లతో దిమ్మెలుగా విడిపోయి ఉండే ఆ గోడలకు స్ట్రాటా అండ్ అవుట్‌క్రాప్స్ షేడర్ చక్కగా సరిపోతుంది. దాని మీద పవర్ ఫ్రాక్టల్ అనే షేడర్‌తో ఉపరితలాన్ని పక్కలకు కాస్త జరిపి (దీన్నే స్థానభ్రంశం అంటారు), అంచుల దగ్గర ఫేక్ స్టోన్స్‌తో బండలు పేర్చి, వాలు ఎక్కువున్న చోటే ఆ రంగు పట్టేలా సర్ఫేస్ లేయర్‌లో హద్దులు పెట్టి, ఎండలో ఆ రాయి తేలే ఎరుపు గోధుమ రంగును రాబట్టడానికి మూడో వెర్షన్‌లో చాలా కాలం కుస్తీ పట్టాను. ఆ శ్రమంతా నాలుగులో చెక్కుచెదరకుండా వచ్చింది. నోడ్ల (షేడర్లు, మేఘాలు వంటి పని ముక్కల) అల్లిక, వాటి విలువలు, పగుళ్లు పడ్డ చోట్లు అన్నీ మూడులో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పాత రెండర్‌నూ కొత్త రెండర్‌నూ ఒకదానిపై ఒకటి పెట్టి చూస్తే ఫలానా బండ ఫలానా చోటే ఉంది. వెర్షన్ మారితే పాత ఫైళ్లు పాడవుతాయేమోనన్న భయం ఉన్నవారు నేల విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

అయితే దీనికి మరో పార్శ్వం ఉంది. పాత ఫైల్‌ను కొత్త వెర్షన్‌లో తెరిచి రెండర్ నొక్కితే చాలు, కొత్త అందం దానంతట అదే వచ్చిపడుతుందని కొందరు ఆశిస్తారు. రాదు. పాత ఫైల్‌లోని మేఘాలు రెండో తరం క్లౌడ్ లేయర్లుగానే తెరుచుకుంటాయి, పాత పద్ధతిలోనే లెక్క కడతాయి. నాలుగో వెర్షన్‌తో వచ్చిన మూడో తరం మేఘాలు కావాలంటే పాత లేయర్‌ను తీసేసి, కొత్త నోడ్ పెట్టి, మేఘాల సాంద్రతనూ ఎత్తునూ మళ్లీ మొదటి నుంచి అమర్చుకోవాలి. పాత పనులను చెడగొట్టకూడదన్న ఉద్దేశంతో తీసుకున్న ఈ నిర్ణయం సబబైనదే. కానీ అప్‌గ్రేడ్ చేసిన తొలి సాయంత్రమే పాత చిత్రాలు తెరిచి, తేడా ఏమీ లేదని పెదవి విరిచేవారికి కారణం ఇదేనని తెలిసి ఉండాలి.

ఇక ఆ మేఘాలను గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వెర్షన్‌కు పెట్టే డబ్బంతా వాటికే చెల్లుతుంది. మేఘంలోకి దిగిన వెలుగు ఒక నీటి బిందువు మీద పడి బయటికి వచ్చేయదు. బిందువు నుంచి బిందువుకు లెక్కలేనన్నిసార్లు చెదిరి, అన్ని దిక్కులకూ విస్తరించి, చివరికి ఏదో ఒక వైపు నుంచి వెలువడుతుంది. దట్టమైన మేఘం ఎండలో అంత తెల్లగా కనిపించడానికి కారణం ఆ బహుళ పరిక్షేపణమే. మూడో వెర్షన్ దీన్ని పూర్తిగా లెక్కించలేక ఉజ్జాయింపులతో నెట్టుకొచ్చేది. ఫలితంగా మేఘం దట్టంగా చేసేకొద్దీ దాని కడుపు మసిపట్టినట్టు నల్లబడేది. ఆ నలుపును విరచడానికి పరిసర కాంతిని పెంచడం, ఫేక్ డార్క్ పవర్ అనే మీటతో ఆడుకోవడం తప్పేది కాదు. దాన్ని పెంచితే ఒకలా, తగ్గిస్తే మరోలా మేఘం నకిలీగా కనబడేది.

నాలుగో వెర్షన్‌లో మూడో తరం మేఘాలు మేఘం ఉన్న ప్రదేశాన్ని చిన్న చిన్న ఘనాల గడిగా, అంటే వోక్సెల్స్‌గా విడగొట్టి, వెలుగు ఒక గది నుంచి మరో గదికి ఎలా పాకుతుందో లెక్కిస్తాయి. ఆషాఢంలో నల్లమల మీదికి పడమటి నుంచి వచ్చే మబ్బులను గమనించినవారికి తెలుసు, అడుగు బూడిద రంగులో చదునుగా, పై అంచులు కళ్లు జిగేల్‌మనేంత తెల్లగా, మధ్యలో ఎక్కడా నలుపు లేకుండా ఒక పాల వెలుగు పరుచుకుని ఉంటుంది. ఆ పాల వెలుగు మూడులో నాకు ఎప్పుడూ రాలేదు. నాలుగులో ఈజీ క్లౌడ్ నోడ్ పెట్టి, మేఘం రకం ఎంచుకుని, సూర్యుణ్ణి పడమటకు జరిపేసరికి పెద్దగా ప్రయాస లేకుండానే వచ్చింది. మీటలు తగ్గాయి, ఫలితం పెరిగింది. సాఫ్ట్‌వేర్లలో ఇలా జరగడం అరుదు.

దీనికి చెల్లించే మూల్యం మెమరీ. వోక్సెల్ గడి మేఘం విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది కనుక, దిగంతం దాకా ఒకే లేయర్ పరిస్తే గదులు పెద్దవైపోయి మేఘాల అంచులు మొద్దుబారతాయి. వాటిని సన్నం చేయబోతే మెమరీ మింగేస్తుంది. 16 జీబీ ఉన్న యంత్రంలో ఇది తరచు ఇరుకునపెట్టింది, 32 జీబీకి మారాకే కుదుటపడ్డాను. నేను స్థిరపడిన పద్ధతి ఇది. కెమెరాకు దగ్గరగా కనిపించే ముఖ్యమైన మబ్బులను మూడో తరంలో పెట్టి, లోకలైజ్ ఎంపికతో వాటిని ఒక వ్యాసార్థానికి పరిమితం చేస్తాను. దూరాన, చాలా ఎత్తున సన్నగా పరుచుకునే పింజ మబ్బులను రెండో తరంలోనే ఉంచుతాను. పలుచటి మబ్బులో వెలుగు చెదరడమే తక్కువ, కనుక అక్కడ కొత్త లెక్క వల్ల కంటికి కనిపించే లాభం లేదు, రెండర్ సమయం మాత్రం ఆదా అవుతుంది.

వాతావరణం లెక్కలో ఓజోన్ చేరడం రెండో పెద్ద మార్పు. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, సూర్యుడు దిగంతం కిందికి జారాక నడినెత్తిన మిగిలే ముదురు నీలానికి అసలు కారణం ఓజోనే. వాతావరణంలో చాలా దూరం ఏటవాలుగా ప్రయాణించే ఆ కాంతిలోని పసుపు, నారింజ భాగాలను అది పీల్చేస్తుంది. ఇది లేనప్పుడు మూడులో సంధ్యాకాశం ఒక రకమైన పేలవమైన పసుపు బూడిదగా తేలేది, దాన్ని ఫోటోషాప్‌లో సరిచేసేవాళ్లం. ఇప్పుడు ఆ అవసరం పడటం లేదు. మన అక్షాంశాలలో సూర్యుడు నిటారుగా కుంగుతాడు కాబట్టి సంజ వెలుగు ఉండేది కొద్దిసేపే. సూర్యుడి ఎత్తును ఒక్కో అర డిగ్రీ మారుస్తూ చూస్తేనే ఆ కొద్దిసేపటిలోని మలుపులు పట్టుబడతాయి.

హేజ్, అంటే గాలిలోని మసక విషయంలో మాత్రం డిఫాల్ట్ విలువలను నమ్ముకోకూడదు. గాలి వల్ల ఏర్పడే నీలానికి 8000 మీటర్లు, మసకకు 2000 మీటర్లు ప్రామాణిక ఎత్తులుగా ఉంటాయి. మొదటిది భౌతికశాస్త్రం చెప్పే అంకెకు దగ్గరే, దాన్ని కదపనవసరం లేదు. కానీ మే నెల రాయలసీమలో దుమ్ముతో కూడిన మసక వేరు. సాంద్రత పెంచి, రంగును కొంచెం మట్టి వైపు జరిపితే తప్ప కొండల వరుసలు వెనక్కి వెనక్కి వెలిసిపోతున్నట్టు కనిపించవు. డిఫాల్ట్‌తో తీస్తే గండికోట ఏ చలిదేశపు కొండల్లోనో ఉన్నట్టుంటుంది.

రోజువారీ పనిలో సమయం కలిసివచ్చింది రే ట్రేస్డ్ ప్రివ్యూ వల్ల, అంటే వెలుగు కిరణాల దారిని లెక్కించి తుది చిత్రాన్ని ముందుగానే చూపే కిటికీ వల్ల. మూడులో సూర్యుణ్ణి కాస్త కదిపి నీడ ఎక్కడ పడిందో తెలుసుకోవాలంటే చిన్న రెండర్ వేసి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు మేఘాలతో, నీడలతో సహా ప్రివ్యూలోనే క్షణాల్లో ఒక అంచనా వచ్చేస్తుంది, క్రమంగా తేటపడుతుంది. అయితే ఈ ప్రివ్యూ నేల విషయంలో మోసం చేస్తుంది. స్థానభ్రంశంతో పుట్టే చిన్న రాళ్లు, పగుళ్లు ఇందులో పూర్తిగా కనిపించవు కనుక ముందుభాగం నున్నగా ఉందనుకుని ఇంకా రాళ్లు చల్లితే, అసలు రెండర్‌లో అది కంకర గుట్టవుతుంది. ముందుభాగాన్ని మాత్రం ఇప్పటికీ క్రాప్ రెండర్ (చిత్రంలో ఆ ముక్కకు మాత్రమే రెండర్) వేసే సరిచూడాలి.

వేగం గురించి అందరూ అడుగుతారు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉంది, ఎంత వేగం వస్తుందని అడిగేవారికి నా జవాబు: తుది రెండర్‌కు ఆ కార్డుతో పని లేదు. లెక్కంతా ప్రాసెసర్ మీదే, కనుక ఎన్ని కోర్లు ఉంటే అంత మేలు. మూడో తరం మేఘాలు నిండిన చిత్రం పెద్ద కొలతలో రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి పూర్తవుతుందన్న నమ్మకంతో కూర్చోవలసిందే. వేసవిలో అయితే గది వేడి, కరెంటు కోతల భయం కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే పెద్ద చిత్రాలను ముక్కలుగా క్రాప్ చేసి, ఒక్కో ముక్కను ఈఎక్స్ఆర్ అనే చిత్రపు ఫైల్‌గా దాచుకుని, తర్వాత అతికించడం నాకు అలవాటైంది.

నాలుగో వెర్షన్ తర్వాతి సవరణలలో పాత్ ట్రేసింగ్ కూడా వచ్చింది, అంటే వెలుగు వస్తువు నుంచి వస్తువుకు తగిలి వెళ్లే దారులను వెంబడించి లెక్కించే పద్ధతి. చెట్ల కింద, గుహల నోట, లోయ అడుగున వెలుగు పాకే తీరు ఇందులో చాలా సహజంగా ఉంటుంది. పాత పద్ధతి పరోక్ష కాంతిని ముందే లెక్కగట్టి దాచుకుంటుంది కాబట్టి యానిమేషన్‌లో ఫ్రేముకూ ఫ్రేముకూ వెలుగు మినుకుమినుకుమనే ప్రమాదం ఉండేది. పాత్ ట్రేసింగ్‌లో ఆ బాధ లేదు గానీ, దాని బదులు ఇసుక చల్లినట్టు రవ్వలు వస్తాయి, వాటిని పోగొట్టడానికి మరింత సమయం పెట్టాలి. బయలు ప్రదేశపు స్థిరచిత్రానికి దీని అవసరం నాకు అంతగా కనిపించలేదు. గండి అడుగున, నీటి మట్టం దగ్గర కెమెరా పెట్టిన చిత్రాలకు మాత్రమే వాడుతున్నాను, అక్కడ రెండు గోడల మధ్య ఎర్రటి వెలుగు అటూ ఇటూ తగిలి నీడలోకి దిగే తీరు చూస్తే ఆ అదనపు గంటలు దండగ అనిపించవు.

వెర్షన్ ఎంత మారినా తీరని లోటు చెట్లది. పాత ఫైళ్లలోని పాప్యులేషన్లు (గుంపులుగా చల్లిన మొక్కలు) సక్రమంగానే తెరుచుకుంటాయి, లక్షల మొక్కలు చల్లినా తట్టుకుంటుంది. కానీ బజారులో దొరికే మోడళ్లలో ఎక్కువ భాగం పైన్, ఓక్, బర్చ్ వంటివే. తుమ్మ, తాటి, వేప, మోదుగ కావాలంటే వెతుకులాటే. ఒక అమ్మకందారు దగ్గర కొన్న తాటిచెట్టుకు ఆకు చుట్టూ ఉన్న ఖాళీని కనబడకుండా చేసే పారదర్శకత పటం తగిలించకుండానే వచ్చింది, దూరం నుంచి చూస్తే మట్టల చివర అట్టముక్కలు వేలాడుతున్నట్టుండేది. చివరికి వేరే సాఫ్ట్‌వేర్‌లో స్వయంగా కొన్ని చెట్లు తయారుచేసుకోవాల్సి వచ్చింది. తెలుగు నేల మీద పనిచేసేవారికి అసలు అడ్డంకి ఇదే, వెర్షన్ నంబరు కాదు.

ఇదే రంగంలోని వ్యూ అనే పాత సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని ఆపేసి, 2024లో దాన్ని ఉచితంగా ఇచ్చేశారు. డబ్బు పెట్టే ముందు దాన్ని ప్రయత్నించవచ్చు గానీ, ఇక సవరణలు రాని సాఫ్ట్‌వేర్ మీద కొత్త పని మొదలుపెట్టమని నేను సలహా ఇవ్వను. టెర్రాజెన్‌కు కూడా ఉచిత వెర్షన్ ఉంది, చిత్రం కొలతకు పరిమితి ఉంటుంది, వాణిజ్య పనులకు వాడకూడదు. మీ పాత ఫైల్‌లో ఒకదాన్ని అందులో తెరవండి, రెండో తరం మేఘాన్ని తీసి ఈజీ క్లౌడ్ పెట్టండి, సూర్యుణ్ణి రెండు మూడు డిగ్రీల ఎత్తున ఉంచి చిన్న కొలతలో ఒక రెండర్ వేయండి. డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఆ ఒక్క చిత్రంతోనే తేలుతుంది. చేతిలో సగంలో ఉన్న పనులను మాత్రం మూడులోనే ముగించండి. మధ్యలో మారిస్తే, క్లయింటు ఇప్పటికే ఒప్పుకున్న ఆకాశాన్ని మళ్లీ ఒప్పించాల్సి వస్తుంది.