కెంపు ఉంగరానికి ఏది మేలు: పెద్ద ‘ఒరిజినల్’ రాయా, చిన్న జాతి కెంపా, ల్యాబ్ కెంపా?

దాళ్వా డబ్బులు చేతికొచ్చే రోజుల్లో అమలాపురంలోనో పాలకొల్లులోనో ఏదైనా బంగారం కొట్లో కాసేపు కూర్చుంటే ఈ మాట వినపడుతుంది: "సిద్ధాంతి గారు అయిదు క్యారెట్ల కెంపు పెట్టుకోమన్నారండీ, తక్కువలో ఏమన్నా ఉందా?" ఉంటుంది. తక్కువలోనే ఉంటుంది, ఒరిజినల్ అని కాగితం కూడా ఇస్తారు. గొడవంతా అక్కడే.

ఆ రాయి చాలాసార్లు గాజు నింపిన కెంపు. నిండా పగుళ్ళుండి, అలాగే అమ్మితే ఎవరూ కొనని కెంపురాయిని తీసుకుని, పగుళ్ళలోకి సీసం కలిపిన గాజుని కరిగించి పోస్తారు. 2004 ప్రాంతం నుంచి బజారులో బాగా పెరిగిన సరుకు ఇది. భూమిలో పుట్టిందే కాబట్టి ఒరిజినల్ అనడం పూర్తి అబద్ధమూ కాదు, అందుకే అంత ధైర్యంగా అమ్ముతారు. కానీ కెంపు గట్టిదనం ఆ గాజుకి ఉండదు. సైజు సరిచేయడానికి కంసాలి ఉంగరాన్ని మంటలో పెడితే రాయి పాడవుతుంది, చివరికి నిమ్మకాయ పచ్చడి కలిపిన చేతికి ఉన్నా ఆ పులుపు గాజుని మెల్లగా తినేసి పైన గీతలు తేలతాయి. పది రెట్ల లెన్స్ కింద అటూ ఇటూ తిప్పి చూడండి, లోపల గుండ్రటి గాలి బుడగలు, నీలంగా తళుక్కుమనే మెరుపు కనిపిస్తే అదే.

చిన్న జాతి కెంపుని, అంటే గాజు నింపని సహజమైన కెంపుని, కూడా రంగు కోసం దాదాపు ఎప్పుడూ కాల్చే ఉంటారు, దానికి కంగారు పడక్కర్లేదు. వట్టి వేడితో వచ్చిన రంగు పోదు, వ్యాపారంలో అందరూ ఒప్పుకునే పద్ధతే. కాల్చని రాయి ధర వేరే లోకం, మన బడ్జెట్‌కి దాని ఊసు వద్దు. ఇక్కడ బరువు కన్నా ముందు రంగు చూడాలి, అదీ కొట్లో దీపాల కింద కాదు, పసుపు వెలుతురులో ఏ కెంపైనా అందంగానే ఉంటుంది. గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుగులో చూస్తే కొన్ని వెలిసిపోయిన గులాబీ రంగులోకి, కొన్ని నలుపులోకి దిగిపోతాయి. రాయి నడిమధ్య నుంచి కింద వేలు కనపడుతోందంటే సాన సరిగా పట్టలేదు, మెరుపు ఉండదు. లోపల చిన్న చిన్న మచ్చలుంటే పర్లేదు. ఒక్క మచ్చ లేకుండా ఎర్రగా, పెద్దగా, చవగ్గా ఉంటేనే అనుమానించాలి.

ఇక ల్యాబ్ కెంపు, అంటే మనుషులు తయారుచేసిన కెంపు. వెర్నాయ్ అనే ఫ్రెంచి ఆయన 1902లో బయటపెట్టిన పద్ధతి, పాత హెచ్‌ఎమ్‌టీ వాచీల మీద ‘17 జ్యువెల్స్’ అని ఉంటుందే, ఆ జ్యువెల్స్ ఇలాంటి కెంపులే. పదార్థం అదే, గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద అదే 9, ధర మాత్రం బాగా తక్కువ. లెన్స్‌లో వంపు తిరిగిన గీతలు కనిపిస్తే ఇది.

నా లెక్కలో గాజు నింపినది అన్నిటికన్నా అడుగున. అడ్డిగకో జుంకాలకో రంగు కలిసిన రాళ్ళు కావాలంటే ల్యాబ్ కెంపులు నిక్షేపంగా సరిపోతాయి. జాతకం కోసమైతే చాలామంది ల్యాబ్‌ది ఒప్పుకోరు, అప్పుడు ఒకటిన్నర క్యారెట్ల కాల్చిన జాతి కెంపు తీసుకోండి, బరువు తగ్గించవచ్చా అని సిద్ధాంతి గారినే అడిగితే పోయేదేముంది?

ఇంకొకటి, ఉంగరం మీద హాల్‌మార్క్ బంగారానికే, రాయికి కాదు. రాయి బరువు బిల్లులో విడిగా రాయించుకోండి, లేకపోతే రాయిని బంగారం రేటుకి కొన్నట్టవుతుంది. సర్టిఫికెట్‌లో సహజం అన్న ముక్క దగ్గర ఆగకుండా, రాయికి ఏం చేశారో రాసే వరస చదవండి. అనుమానముంటే జైపూర్ లాంటి చోట ఉన్న పేరున్న, రాళ్ళు పరీక్షించే ల్యాబ్‌కి పంపండి, అదీ పొదగక ముందే, ఎందుకంటే ఉంగరంలో కూర్చున్నాక అంచులూ అడుగూ కనపడవు, రాయిని విడిగా తూచడమూ కుదరదు.