ముక్తినాథ్ యాత్ర: మా 78,400 ఏ లెక్కలో పడ్డట్టు?

నేపాల్ కొండల్లోని ముక్తినాథ్ గుడికి బయల్దేరాం. ఉత్తరప్రదేశ్ అంచున సునౌలీలో సరిహద్దు దాటడానికి మాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. నేను, మా ఆవిడ, అక్క, బావగారు బ్యాగులు లాక్కుంటూ నడిచి నేపాల్‌లోకి వెళ్ళిపోయాం. మన వాళ్ళకు వీసా అక్కర్లేదు. ఎవరూ పేరడగలేదు, రాసుకోలేదు. లుంబినిలో ఒక పూట హాయిగా గడిచింది.

పోఖరాలో ఒళ్ళు మండింది. లాడ్జిలో రెండు గదులు, రెండు రాత్రులు, గదికి రోజుకు 2,500 నేపాలీ రూపాయలని మాట్లాడుకున్నాం. మొత్తం 10,000. మన వంద వాళ్ళకు 160, 1993 నుంచీ అదే రేటు. ఆ లెక్కన 6,250 ఇస్తే చాలు. ఖాళీ చేసేటప్పుడు ఓనరు ఇండియా నోట్లైతే వందకు 150 చొప్పునే అని 6,700 అడిగాడు. బిల్లిమ్మంటే 13 శాతం వ్యాట్ అదనమన్నాడు. చివరికి పాత క్యాలెండరు ముక్క వెనక అంకె ఒక్కటి గీకి చేతిలో పెట్టాడు. లాడ్జి పేరు లేదు, తేదీ లేదు. మా ఆవిడ గట్టిగానే నిలదీసింది. "దేవుడి దగ్గరికి వెళ్తూ గొడవెందుకే" అని అక్క ఆపేసింది. ఆ రోజంతా జీపులో ఇద్దరికీ మాటల్లేవు.

నా కోపం 450 పోయినందుకు. బ్యాంకులో చేసి రిటైరైన బావగారి బాధ వేరు. ఆ 6,700 ఈ దేశం లెక్కలో ఎక్కడా కనపడదు అన్నారాయన. 2019లో నేపాల్ చూపిన విదేశీ పర్యాటకులు సుమారు 11.97 లక్షలు. రోడ్డు మీదుగా వచ్చే మనలాంటి వాళ్ళు అందులో లేరు. మనుషులూ లెక్కకు రాక, డబ్బూ బ్యాంకుకు చేరకపోతే పర్యాటకం వల్ల ఎంత ఆదాయమో ఎలా తేలుతుంది? ఐక్యరాజ్యసమితి 2008లో ఇచ్చిన పద్ధతి ప్రకారం యాత్రికులు పెట్టిన ఖర్చును, అమ్మినవాళ్ళ రాబడిని పక్కపక్కన పెట్టి చూడాలి. క్యాలెండరు ముక్కతో అది కుదరదు.

పోనీ అంతా లెక్కకు వచ్చిందనుకున్నా, ఎంత అక్కడ మిగులుతుంది? మూడు రోజులకు జీపు 35,000 నేపాలీ. బండి మన దేశంలో తయారైంది, డీజిల్ మన దేశం నుంచి వెళ్ళిందే. డ్రైవరు జీతం, ఓనరు లాభం మాత్రం అక్కడివి.

మా పేర్లు రాసుకున్నది ముక్తినాథ్ దారిలోని అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి వెళ్ళడానికి ఇచ్చే పర్మిట్ కౌంటర్లో. మన దేశంతో సహా సార్క్ (దక్షిణాసియా) దేశాల వాళ్ళకు తలకు 1,000 నేపాలీ, రసీదు ఇచ్చారు.

రాత్రికి ముక్తినాథ్ కింద ఉన్న కాగ్‌బేని ఊళ్ళోనే ఆగండి. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన, కాగ్‌బేని 2,800. ఊపిరి తేలిగ్గా ఆడుతుంది. మేం దిగిన ఇంట్లో రెండు గదులు 3,000, రాత్రి భోజనం మనిషికి 600, పొద్దున టిఫిన్ 250. ఇత్తడి పళ్ళెంలో అన్నం, పప్పు, ఆలుగడ్డ కూర, ఎండబెట్టిన ఆకుకూర పులుసు, పైన నెయ్యి. పళ్ళెం ఖాళీ అయితే ఇంటి యజమానురాలు అడగకుండానే మళ్ళీ వడ్డించింది, దానికి డబ్బు లేదు. ఆలుగడ్డ, ఆకుకూర తన చేలోవి, బియ్యం, నూనె, గ్యాస్ కింది నుంచి లారీలో వస్తాయని హిందీలో చెప్పింది. లెక్కంతా పుస్తకంలో రాసి, బావగారికి ఇంకో కాగితం మీద రాసిచ్చింది. 6,400 నేపాలీ, సరిగ్గా మన 4,000. అక్కా, మా ఆవిడా ఆ పొయ్యి దగ్గరే మళ్ళీ మాట్లాడుకున్నారు.

ముక్తినాథ్‌లో 108 ధారల కింద తడిసి బయటికొస్తే ఒళ్ళు కొంకర్లు పోయింది. దర్శనం బాగా జరిగింది. ఖాట్మండులో పశుపతినాథుడి గుడిలో మనకు టికెట్ లేదు.

గోరఖ్‌పూర్ నుంచి గోరఖ్‌పూర్ దాకా తొమ్మిది రోజులు, నలుగురికి మన రూపాయల్లో 78,400. కాగితం ఉన్నది కాగ్‌బేని ఇంటి 4,000కు, పర్మిట్ల 2,500కు, మొత్తం 6,500కే. మీరు వెళ్తే వంద రూపాయల నోట్లు ఎక్కువ పెట్టుకోండి, గది తీసుకునేటప్పుడే రేటూ బిల్లూ తేల్చుకోండి. ఆ బిల్లు మీకోసమే కాదు.

తిరిగి సునౌలీకి వచ్చేసరికి తెలుగు యాత్రికుల బస్సొకటి లోపలికి వెళ్తోంది. కిటికీల నిండా జనం. కస్టమ్స్ గుమాస్తా బస్సు నంబరు, డ్రైవరు పేరు రాసుకుని చెయ్యి ఊపాడు.