ఎంఎస్-20 మినీ సెట్టింగులు రాసుకునే పుస్తకం: నాలుగేళ్లు వాడాక

కోర్గ్ ఎంఎస్-20 మినీ ఒక సింథ్, అంటే కేబుళ్లు కలిపి నాబ్‌లు తిప్పి శబ్దం తయారుచేసుకునే ఎలక్ట్రానిక్ కీబోర్డు. దానిలో సెట్టింగులు దాచే మెమరీ లేదన్న సంగతి కొనేముందే అందరికీ తెలుసు. కేబుళ్లు పీకి నాబ్‌లు తిప్పేస్తే నిన్నటి శబ్దం పోయినట్టే. నేను చెప్పబోయేది ఆ శబ్దాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి వాడుతున్న పుస్తకం గురించి. ఇది దుకాణంలో దొరికేది కాదు. సింథ్ ముందు భాగాన్ని కాగితం మీద స్కేలుతో గీసి, ఇక్కడ నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర వంద జిరాక్సులు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాను. నాబ్‌ల చోట ఖాళీ సున్నాలు, సాకెట్ల చోట చుక్కలు ఉంటాయి.

అంతకుముందు రెండేళ్లు ఫోన్‌తో ఫోటో తీసి సరిపెట్టుకున్నాను. అడిగినవాళ్లందరికీ అదే చాలని చెప్పాను కూడా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక బతుకమ్మ పాట రికార్డింగ్‌లో డప్పు కింద గుమ్మని నిలకడగా మోగే ఒక మోత పెట్టాం. పాడినామెకు అది బాగా నచ్చింది. ఆరు నెలల తర్వాత రెండో పాట తెచ్చి, "అన్నా, ఆ పాటల పెట్టిన మోతనే దీనికీ కావాలె, జర అట్లనే ఉండాలె" అంది. ఫోటో ఉంది కదా అని ధైర్యంగా సరే అన్నాను.

ఫోటో చూసి అన్నీ పెట్టాను. నాయిస్ (బుస్సుమనే శబ్దం) నుంచి శాంపుల్ అండ్ హోల్డ్‌కి (క్లాక్ కొట్టినప్పుడల్లా వచ్చినదాన్ని ఒక్క క్షణం పట్టి ఉంచే భాగం) ఒక కేబుల్, ఎంజీ (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే భాగం) నుంచి దాని క్లాక్‌కి ఒకటి, శాంపుల్ అండ్ హోల్డ్ నుంచి టోటల్ అనే సాకెట్‌కి (శబ్దాన్ని ఊపే సంకేతం ఇక్కడ అందుతుంది) ఇంకొకటి. కీ నొక్కితే ఎసరు మరిగినట్టు బుడబుడమంటోంది. పాత పాటలో ఆ బుడబుడ లేనే లేదు. టోటల్‌లో కేబుల్ తీసేస్తే ఎంజీ నెమ్మదిగా ఊపుతోంది, పాత పాటలో ఆ ఊపూ లేదు. ఫోటోను పెద్దది చేసి చూశాను. కేబుల్ టోటల్‌లోనే ఉంది, ఫిల్టర్ (శబ్దంలో కొంత భాగాన్ని కోసేసేది) పక్కన ఎంజీ నాబ్ గడియారం ముల్లులా చూస్తే మూడు గంటల దగ్గరే ఉంది. ఆ నాబ్‌ను సున్నాకి తిప్పితే నిలకడైన మోత వచ్చేసేది. కానీ కళ్లముందు ఫోటో ఉండగా చెవి మాట వినబుద్ధి కాలేదు. రెండు రోజులు వేరే నాబ్‌లన్నీ తిప్పి చూశాను. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మూడో రోజు విసుగొచ్చి అన్నీ పీకేస్తున్నాను. ఒక చెయ్యి కీ మీద ఉంది, ఇంకో చెయ్యి టోటల్ కేబుల్‌ని లాగుతోంది. ప్లగ్ సగం బయటికి వచ్చిన చోట బుడబుడ ఆగిపోయి, ఆ పాత మోత నిలకడగా వినిపించింది. చెయ్యి అక్కడే ఆపేశాను.

జరిగింది ఇదీ. టోటల్‌లో ఏమీ పెట్టకపోతే ఎంజీ లోపలి దారిలో దానంతటదే అందుతుంది. ప్లగ్ పెడితే ఆ దారి తెగి, కేబుల్‌లో వచ్చేది అందుతుంది. ప్లగ్ సగమే ఉంటే లోపలి దారి తెగింది, బయటిది అందలేదు. మొదటి రికార్డింగ్ రాత్రి పక్క సాకెట్‌లో ఇంకో కేబుల్ పెడుతుంటే ఇది కాస్త జారి ఉంటుంది. బుడబుడ ఆగింది కొత్త కేబుల్ వల్లే అనుకుని రికార్డ్ చేసేశాం. ఫోటోలో సగం దిగిన ప్లగ్, పూర్తిగా దిగిన ప్లగ్ ఒకలాగే కనిపించాయి.

అందుకే నా పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చినది బొమ్మ కాదు, రాసే పద్ధతి. రికార్డింగ్ అయ్యాక ఎడమ చేత్తో కీ నొక్కిపట్టి, కుడి చేత్తో ఒక్కో కేబుల్ పీకుతాను. పీకినప్పుడు ఏం మారిందో విని, ఎక్కడి నుంచి ఎక్కడికో రాసి, మళ్లీ పెట్టి తర్వాతదానికి వెళతాను. అనుకోకుండా దక్కిన లాభం ఏమిటంటే, ప్రతి పాటలోనూ ఒకటో రెండో కేబుళ్లు ఏ పనీ చేయడం లేదని తెలుస్తుంది. తీసినా శబ్దం మారదు. అలాంటివి తీసేసి, మిగిలినవే రాస్తాను.

నాబ్‌లను గడియారం ముల్లులా రాస్తాను: ఏడు గంటలంటే పూర్తిగా ఎడమకి, ఐదంటే పూర్తిగా కుడికి. కటాఫ్ (ఫిల్టర్ ఎక్కడ కోయాలో చెప్పేది), పీక్ (ఆ చోట శబ్దాన్ని ఎంత ఎత్తాలో చెప్పేది) తప్ప మిగతావాటికి అరగంట తేడా వచ్చినా ఫరవాలేదు. పీక్ పెంచిన ఫిల్టర్ దానంతటదే కూత పెట్టే అంచున ఉంటే మాత్రం వెంట్రుకంత తేడా కూడా వినిపిస్తుంది. కాబట్టి కాగితం కింద పది సెకన్ల ఆడియో ఫైల్ పేరు కూడా రాసుకుంటాను. చివరి సర్దుబాటు దాన్ని విని చేయాల్సిందే.

మొదటి ఏడాది దీన్ని మరీ పొగిడాను. ఇప్పుడు కొన్ని తగ్గించి చెప్పాలి. పెన్సిల్‌తో గీసిన ముళ్లు కాగితాల రాపిడికి మసకబారాయి, బాల్‌పెన్‌కి మారాను. పాట పేరుతో రాస్తున్నాను కాబట్టి "ఆ తుమ్మెద లాంటి శబ్దం ఎక్కడ" అని వెతికితే దొరకదు. ఇక మా ఎండాకాలం సంగతి. జనవరిలో రాసిన కాగితం పెట్టి మే మధ్యాహ్నం వాయిస్తే శ్రుతి తప్పుతుంది. స్వరాన్ని పుట్టించే అనలాగ్ ఆసిలేటర్ వేడికి కదులుతుంది మరి. సింథ్ ఆన్ చేసి అరగంట ఆగి, ట్యూనర్‌తో సరిచూశాకే మిగతా పని. దానికి ఏ పుస్తకమూ మందు కాదు.

నా మినీకి మూలమైన అసలు ఎంఎస్-20 వచ్చిన 1978లోనే ప్రాఫెట్-5 అనే సింథ్ కూడా వచ్చింది, 40 శబ్దాలు గుర్తుపెట్టుకునే మెమరీతో. అలాంటి సింథ్ ఉన్నవాళ్లకు ఈ శ్రమ అక్కర్లేదు. స్టేజీ మీద పాటకీ పాటకీ మధ్య శబ్దం మార్చేవాళ్లకు కూడా ఇది కుదరదు, ఒక కాగితం చూసి పెట్టడానికి నాకు పది నిమిషాలు పడుతుంది. నాది ఒక్క సింథ్, నెలకు ఒకటి రెండు పాటలు. పాడేవాళ్లు మళ్లీ వచ్చి అదే మోత అడుగుతారు. నాకైతే సరిపోయింది. ఫోటో ఇప్పటికీ తీస్తాను, కాగితంలో ఏదైనా మర్చిపోతే చూసుకోవడానికి.

ఇప్పుడు 71వ కాగితం నడుస్తోంది. తర్వాతి పుస్తకానికి బొమ్మ మార్చి గీస్తున్నాను. ప్రతి సాకెట్ చుక్క పక్కన చిన్న గడి ఉంటుంది, ప్లగ్ పూర్తిగా దిగిందో సగమే దిగిందో రాయడానికి.