కుంకుమని ఇటుక రంగు చేసిన తెర: ఆరేళ్ళు వాడిన గేమింగ్ లాప్‌టాప్

2019 దసరా ఆఫర్లలో కొన్నాను. 62 వేలు. సగం నేను దాచుకున్నది, సగం చిన్నాన్న సర్దినది. విజయనగరంలోనే ఉంటూ సినిమాల మీదా వీడియో గేమ్‌ల మీదా రాసి బతకాలని గట్టిగా అనుకున్న రోజులవి. ఏ పత్రికలోనూ ఉద్యోగం లేదు. వ్యాసానికి ఇంతని ఇస్తారు, అందులో 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, రిటర్న్ వేశాక అది వెనక్కి వస్తుంది. ఆ పనికి మూడు పనులూ చేసే ఒకే మెషీన్ కావాలి: గేమ్ ఆడాలి, సినిమా చూడాలి, తెలుగులో రోజంతా టైపు చెయ్యాలి.

కంపెనీ పేరు రాయడం లేదు. ఆ ఏడాది ఆ ధరలో దొరికిన గేమింగ్ లాప్‌టాప్‌లు ఏ పేరుతో ఉన్నా లోపల సరుకు ఇంచుమించు ఒక్కటే. ఇంటెల్ తొమ్మిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఎన్‌విడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, దానికి 4 జీబీ మెమరీ. నాలాంటి వాళ్ళందరం కార్డు చూసి కొన్నాం. తెర గురించి పెట్టె మీద "ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్" అని తప్ప ఇంకేమీ లేదు, నేనూ ఇంకేమీ అడగలేదు. ఆ సంగతికి తరవాత వస్తాను, ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే.

ముందు కీబోర్డు. నేను ఇన్‌స్క్రిప్ట్‌లో కొడతాను, అంటే భారతీయ భాషలకి ప్రామాణికంగా పెట్టిన కీల అమరికలో. అందులో పొల్లు 'డి' కీ మీద ఉంటుంది. "క్క" రావాలంటే కె, డి, కె. తెలుగులో వత్తు లేని వాక్యం ఎక్కడుంది? గేమ్‌లో మనిషిని నడిపించే నాలుగు కీలు డబ్ల్యూ, ఎ, ఎస్, డి. కుడివైపు వెళ్ళాలంటే మళ్ళీ అదే డి. పొద్దున్నంతా వత్తులు, రాత్రంతా కుడివైపు నడక. రెండో ఏడాదికే ఆ కీ మీద అక్షరం చెరిగిపోయింది, మూడో ఏడాది కీ పక్కకి వాలి, రెండుసార్లు నొక్కితే ఒకసారి పడేది. "ప్రస్తావన" అని కొడితే "పరసతావన" అని వచ్చేది. ఆ రూపంలోనే ఒక వ్యాసం పంపేసి, గంట తరవాత చూసుకుని మళ్ళీ పంపాను. మయూరి జంక్షన్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఆయన కీబోర్డు మొత్తం మార్చారు, 1,800 అయింది. మిగతా కీలన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. తెలుగులో రాస్తూ గేమ్‌లు ఆడేవాళ్ళు విడిగా ఇంకో కీబోర్డు మొదటిరోజే కొనుక్కోండి, వెయ్యి రూపాయల్లో మంచివి వస్తాయి.

వేడి సంగతి. మే నెలలో మా ఇంటి మేడ మీద గదిలో గేమ్ పెడితే పది నిమిషాల్లో ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపించేది, ఫ్యాన్ల మోత కింది వాటాకి వినబడేది. విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99కి తగ్గించాను. దాంతో టర్బో, అంటే ప్రాసెసర్ మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం, ఆగిపోతుంది, వేడి 80 లోపుకి దిగింది, గేమ్‌లో తేడా నా కంటికి కనబడలేదు. ఏడాదికోసారి దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద వేడి లాగడానికి పూసే పేస్టు మార్పిస్తున్నాను. ఇవి రెండూ చెయ్యకపోతే ఈ రకం లాప్‌టాప్ మన ఎండలకి నాలుగేళ్ళు కూడా రాదు.

బ్యాటరీ మూడో ఏడాది ఉబ్బింది. టచ్‌ప్యాడ్ ఒక మూల బియ్యపు గింజంత పైకి లేచింది. ముందు అర్థం కాలేదు, క్లిక్ గట్టిగా ఉందేమిటి అనుకున్నాను. ఎప్పుడూ చార్జర్‌కి తగిలించి ఉంచడం, పైన వేడి, ఈ రెండూ కలిస్తే లోపలి రసాయనం చెడి గ్యాస్ పుడుతుంది. అలా ఉబ్బినది ప్రమాదం, ఒక్క రోజు కూడా వాడకూడదు. విశాఖ సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు తిరిగాను, 17 రోజులు పట్టింది. ఆ 17 రోజులూ వ్యాసాలు ఫోన్‌లో రాశాను. ఇప్పుడు 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగేలా పెట్టుకున్నాను, కొత్త బ్యాటరీ మూడేళ్ళుగా బాగుంది.

డౌన్‌లోడ్‌ల గురించి ఒక్క మాట. పెద్ద గేమ్‌కి సమీక్ష కోసం డౌన్‌లోడ్ కోడ్ విడుదలకి ముందే వస్తుంది, ఫలానా సమయం దాకా ఏమీ రాయకూడదని షరతు ఉంటుంది. అమెరికా పసిఫిక్ సమయం ఉదయం 8 అంటే వాళ్ళ వేసవిలో మనకి రాత్రి 8:30, చలికాలంలో 9:30. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటిది 150 జీబీ. నా 40 ఎమ్‌బీపీఎస్ లైను మీద అది దిగడానికి ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు, మధ్యలో కరెంటు పోకపోతే. రౌటర్‌ని ఇన్వర్టర్ మీద పెట్టించడం నేను చేసిన మంచి పనుల్లో ఒకటి.

కార్డు మొదటి మూడేళ్ళూ బాగా మోసింది. తరవాత దాని వయసు బయటపడింది. 2023 అక్టోబరులో వచ్చిన అలన్ వేక్ 2 గేమ్‌కి, విడుదలైనప్పుడు, కనీసం ఆర్‌టీఎక్స్ 2060 కావాలన్నారు, అది నాదానికన్నా పై మెట్టు కార్డు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్‌కి రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీయడం) హార్డ్‌వేర్ తప్పనిసరి, 1650లో అది లేనే లేదు. ఆ రెండు సమీక్షలూ నేను రాయలేనని చెప్పాల్సి వచ్చింది. డబ్బు పోయిందన్న బాధ కన్నా, ఆ నెలంతా అందరూ మాట్లాడుకుంటున్న దాని మీద నాకు మాట లేకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

అయితే దానివల్లే చిన్న గేమ్‌ల వైపు మళ్ళాను. పూణేలో తయారైన రాజి, కెనడాలో తమిళ కుటుంబం కథ చెప్పే వెన్బా. ఇవి ఈ మెషీన్ మీద నున్నగా ఆడతాయి. వెన్బా ఆడుతున్నప్పుడు అమ్మ పక్కన కూర్చుంది. మొదట్లో ఇడ్లీ రేకులు ఒకదాని మీద ఒకటి ఏ వరసలో పెట్టాలో కనుక్కోవాలి, వంట పుస్తకంలో ఆ ముక్క చెరిగిపోయి ఉంటుంది. నేను రెండుసార్లు తప్పు పెట్టాను. అమ్మ తెర మీదకి వంగి, "ఒరే బాబూ, గుంట మీద గుంట రాకూడదురా, పైవి కిందవాటిని నొక్కేస్తాయి" అంది. గేమ్‌ని ఎప్పుడూ ముట్టని మనిషి గేమ్‌లో చిక్కుముడి విప్పడం చూశాను. ఆ వ్యాసం మొత్తం అమ్మ చెప్పిన ఆ మాట చుట్టూ రాశాను. ఇప్పటిదాకా నేను రాసినవాటిలో నాకు బాగా ఇష్టమైనది అదే.

ఇక తెర.

2022లో ఓటీటీలో చూసి రాసిన ఒక సినిమా సమీక్షలో, కెమెరా మెల్లగా పక్కకి జరిగే షాట్లలో దృశ్యం కుదుపుతోందని రాశాను. మా ఊళ్ళో ఒక థియేటర్‌లో ప్రొజెక్టర్ చూసుకునే అన్న అది చదివి ఫోన్ చేశాడు. "ఏటి తమ్ముడూ, రోజూ నాలుగాటలూ నేనే ఏశాను, ఆ షాట్ ఎక్కడా ఆగనేదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. లాప్‌టాప్ తెచ్చి చూపించాను. నిజంగానే కుదుపు ఉంది. అన్న ఒక్క ప్రశ్న వేశాడు, ఈ తెర ఎన్ని హెర్ట్జ్ అని.

60. లెక్క వేస్తే అర్థమైంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. ఒక ఫ్రేముని రెండున్నర సార్లు చూపించడం కుదరదు, అందుకని ఒకదాన్ని రెండుసార్లు, తరవాతిదాన్ని మూడుసార్లు, అలా చూపిస్తూ పోతుంది. మనిషి నిలబడి మాట్లాడుతుంటే తెలియదు. కెమెరా మెల్లగా జరిగినప్పుడు మాత్రం కుంటి నడకలా కనబడుతుంది. ఆ కుదుపు సినిమాలో లేదు, నా బల్ల మీద ఉంది.

గేమ్‌లకి అలవాటుపడ్డ కన్ను కావడం వల్ల కూడా నాకది ఎక్కువ కనబడి ఉంటుంది. సినిమా కెమెరా ఒక్కో ఫ్రేముకి సాధారణంగా సెకనులో 48వ వంతు తెరుచుకుని ఉంటుంది, ఆ కాసేపట్లో జరిగిన కదలికంతా మసకగా అచ్చవుతుంది, అందుకే 24 సరిపోతుంది. గేమ్ ప్రతి ఫ్రేమునీ పదునుగా గీస్తుంది, పైగా చెయ్యి దాని మీద ఉంటుంది, అందుకే 30 కూడా తక్కువనిపిస్తుంది. రెండింటి మీదా రాసేవాడిని, ఈ తేడా నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

రంగుల సంగతి ఆ అక్టోబరులో బయటపడింది. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి ఫోన్‌తో ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో వేసి చూస్తే ఊరేగించే పొడవాటి చెట్టు మానుకి పూసిన పసుపు శనగపిండిలా ఉంది, కుంకుమ ఇటుక రంగులో ఉంది. ఫోన్ పక్కన పెట్టి చూశాను. ఫోన్ తెర రంగుల్ని కొంచెం పెంచి చూపిస్తుంది, నిజమే. కానీ గంట క్రితం నా కళ్ళతో చూసిన కుంకుమ అది, ఆ ఎరుపు నాకు తెలుసు. వెతికితే తేలింది: ఆ ధర లాప్‌టాప్‌లలో చాలావాటికి వేసినవి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ ప్యానెళ్ళు (తెర ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే ఒక పాత కొలత అది). కంప్యూటర్ తెరల మీద చూసే ఫొటోలకీ వీడియోలకీ మామూలుగా వాడే రంగుల పరిధి ఎస్ఆర్‌జీబీ, అందులో అవి మూడింట రెండు వంతులు కూడా పూర్తిగా చూపించలేవు. ఎరుపులు ముందు చచ్చిపోతాయి.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది ఇంకో సమీక్షలో "రంగులు వెలిసిపోయినట్టున్నాయి, ఛాయాగ్రహణం నీరసంగా ఉంది" అని రాశాను.

ఆ వారమే 13 వేలు పెట్టి 24 అంగుళాల మానిటర్ కొన్నాను, ఎస్ఆర్‌జీబీ దాదాపు పూర్తిగా చూపించేది, 144 హెర్ట్జ్. 144లో 24 సరిగ్గా ఆరుసార్లు పోతుంది, ప్రతి ఫ్రేమూ ఆరుసార్లు, ఎక్కువా లేదు తక్కువా లేదు. అదే సినిమా, అదే షాట్ పెట్టి చూశాను. కెమెరా నీళ్ళ మీద పడవలా జరిగింది.

కాబట్టి ఈ పని కోసం లాప్‌టాప్ కొనేవాళ్ళకి నేను చెప్పేది: గ్రాఫిక్స్ కార్డులో ఒక మెట్టు తగ్గినా ఫరవాలేదు, తెర ఎంత శాతం ఎస్ఆర్‌జీబీ, ఎన్ని హెర్ట్జ్ అని ముందు అడగండి. షాపువాళ్ళకి తెలియకపోతే మోడల్ నంబరు పట్టుకుని మీరే వెతకండి. కార్డు చాలకపోతే గేమ్ తెరుచుకోదు, సంగతి తెలిసిపోతుంది. తెర బాగోకపోతే ఏమీ తెలియదు, సినిమా బాగోలేదనుకుని రాసేస్తాం. ర్యామ్ నేను 16కి పెంచుకున్నాను, అది తేలిక. మంచి తెర తరవాత పెంచుకునేది కాదు, ఇంకో 13 వేలు పెట్టాలి.

ఇప్పుడా లాప్‌టాప్ మూత వేసి మానిటర్‌కి తగిలించి ఉంటుంది, రోజూ పన్నెండు గంటలు పని చేస్తోంది. ఆ 62 వేలూ ఎప్పుడో తిరిగొచ్చాయి, చిన్నాన్న బాకీ రెండో ఏడాదే తీరింది.

కుదుపు గురించి రాసిన సమీక్షకి సవరణ పంపితే ఎడిటర్ గారు ఏమీ అనకుండా వ్యాసం కింద వేశారు. రంగుల గురించి రాసిన రెండోదాన్ని వేసిన వెబ్‌సైట్ అప్పటికే మూతపడింది, సవరణ పంపడానికి అడ్రసు కూడా లేదు. ఆ సినిమాకి కెమెరా పట్టినాయనకి అది రెండో సినిమా. ఆ సమీక్ష ఆయన కంట పడి ఉండకూడదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.