మధ్యలో వదిలేసి వెళ్లినా ఆగే పిండి: మూడున్నరేళ్లుగా ఇంట్లో ఓట్స్ బిస్కెట్లు

ఓట్స్ బిస్కెట్ల మీద నాకు గురి కుదిరింది ఒక పొరపాటు వల్ల. అరటిపండు చిదిమి, ఓట్స్ పోసి కలుపుతున్నాను. సరిగ్గా అప్పుడే బాత్రూంలోంచి పెద్దదాని కేక: "నాన్నా, అయిపోయిందీ!" చేతులు కడుక్కుని పరిగెత్తాను. ఆ పని ముగిసేలోపు ఆర్నెల్ల చిన్నోడు లేచాడు. వాడికి పాలు పట్టి, భుజాన వేసుకుని ఇల్లంతా తిప్పి, మళ్లీ వంటింట్లోకి వచ్చేసరికి నలభై నిమిషాలు గడిచాయి. పిండి ఇక పారబోయడమే అనుకున్నాను. అంతకుముందు రెండుసార్లు కేకు పిండిని అలాగే వదిలేసి, చివరికి అట్టముక్కలు నమిలిన అనుభవం ఉంది మరి. కానీ ఈ పిండి చేతికి అంటకుండా ముద్దకట్టి కూర్చుంది. కాల్చి చూస్తే, అప్పటిదాకా నేను చేసినవాటిలో అవే బాగున్నాయి.

అప్పట్నుంచి మూడున్నరేళ్లుగా వారానికి ఒకసారైనా చేస్తున్నాను. ఇప్పుడు పెద్దదానికి ఏడేళ్లు, చిన్నోడికి నాలుగు. ఇన్నాళ్లకు నాకు అర్థమైంది ఇదీ: చిన్నపిల్లలున్న ఇంట్లో ఏ వంటకాన్నైనా రుచి కంటే ముందు ఒక ప్రశ్న అడగాలి. మధ్యలో వదిలేసి వెళ్తే ఇది ఆగుతుందా? ఓట్స్ పిండి ఆగుతుంది. ఆగితే ఇంకా బాగుపడుతుంది కూడా.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది. అది నీళ్లలో కరిగే రకం. తడి తగిలితే ఆ నీటిని పీల్చుకుని జిగురులా మారుతుంది. కలిపిన వెంటనే కాలిస్తే ఓట్స్ పొడిగా విడివిడిగా ఉండిపోయి, బిస్కెట్ కొరకగానే రాలిపోతుంది. పావుగంట ఆగితే ముద్ద పట్టు కడుతుంది. పైగా గోధుమపిండిని సాగేలా చేసే గ్లూటెన్ ఓట్స్‌లో లేదు కాబట్టి, ఎంతసేపు కలిపినా గట్టిపడుతుందన్న టెన్షన్ లేదు. మూడేళ్ల పిల్ల చేతికి గరిటె ఇచ్చేసి హాయిగా నిలబడొచ్చు. (గ్లూటెన్ పడనివాళ్లు మాత్రం ఏ ఓట్స్ పడితే అవి వాడకూడదు. పొలంలోనో మిల్లులోనో గోధుమ, బార్లీ కలిసిపోతుంటాయి. గ్లూటెన్ లేదని ప్యాకెట్ మీద రాసినవే కొనాలి, అదీ డాక్టర్ని అడిగాకే.)

ఆగనిది వంటసోడా. అరటిపండులోనో పెరుగులోనో ఉండే పులుపు తగలగానే బుడగలు కట్టడం మొదలుపెడుతుంది. మనం తిరిగొచ్చేసరికి ఆ బుడగలన్నీ పోయి ఉంటాయి. నా అట్టముక్కల కథ అదే. అందుకే సోడా పడే రకాల్లో దాన్ని అన్నిటికంటే చివర, ట్రే సిద్ధం చేసుకుని, ఇద్దరూ కళ్లెదుట ఉన్నారని చూసుకున్నాక వేస్తాను.

ఇక ఓట్స్ సంగతి. మొదటి ఏడాది దొరికినవన్నీ వాడి చూశాను. స్టీల్ కట్ అని అమ్మేవి గింజను ముక్కలు చేసినవి. జావకు బాగుంటాయి కానీ, నానబెట్టకుండా బిస్కెట్‌లో వేస్తే పంటికింద రాయే. క్విక్ ఓట్స్ సన్నగా, చిన్నగా ఉంటాయి. త్వరగా కలిసిపోతాయి, కానీ నమలడానికి ఏమీ మిగలదు. ఇంకా పళ్లు సరిగా రాని చిన్నోడికి ఆ రోజుల్లో అవే నయం. రుచి కలిపిన చిన్న ప్యాకెట్లు అసలు వద్దు. వాటిలో చక్కెర, ఉప్పు ముందే ఉంటాయి, ఎంత ఉన్నాయో లెక్క మన చేతిలో ఉండదు. చివరికి నిలబడింది రోల్డ్ ఓట్స్, అంటే ఆవిరి పట్టి అటుకుల్లా నొక్కినవి. ఒక్క రకం కొని, మెత్తగా కావాల్సినప్పుడు అందులోనే కొంత మిక్సీలో తిప్పుకుంటే చాలు. మూడు డబ్బాలు పెట్టుకోవడం దండగ.

వందసార్లకు పైగా చేసిన రకం ఇది. బాగా మాగి తొక్క మీద నల్లమచ్చలు పడ్డ మీడియం సైజు అరటిపండ్లు రెండు, రోల్డ్ ఓట్స్ 150 గ్రాములు, వేరుశెనగ వెన్న రెండు చెంచాలు, చిటికెడు ఉప్పు, కాస్త దాల్చిన చెక్క పొడి. చక్కెర లేదు, గుడ్డు లేదు, సోడా లేదు. చిదిమి, కలిపి, పావుగంట నుంచి గంట వరకు మీ ఇంటి పరిస్థితిని బట్టి వదిలేయండి. 25 గ్రాముల ఉండలు పదహారు వస్తాయి. వాటిని చేత్తో అద్ది చదునుచేయాలి. వెన్న, చక్కెర ఉన్న బిస్కెట్ల లాగా ఇవి వేడికి కరిగి పరుచుకోవు. ఏ ఆకారంలో పెడితే ఆ ఆకారంలోనే బయటికొస్తాయి. నేను మొదటిసారి ఉండలుగానే పెట్టి, ఉండలుగానే తీశాను. పైన ఎండి, లోపల పచ్చిగా ఉన్నాయి. 180 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు చాలు. పండు పచ్చిగా ఉంటే ఈ రకం జోలికి పోకండి. పండు మాగేకొద్దీ అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఈ బిస్కెట్‌లో ఉన్న తీపంతా అదే.

ఇవి కరకరలాడవు, ముందే చెబుతున్నాను. మెత్తగా, కాస్త సాగుతూ ఉంటాయి. బిస్కెట్ అన్న పేరు విని ఆశపడితే నిరాశే. మా ఇంటికి వచ్చినవాళ్లలో సగం మంది ఒకటి తిని "బాగుంది" అని రెండోది ముట్టుకోలేదు.

కరకరలాడేవి కావాలంటే లెక్క వేరు: వెన్న 100, బ్రౌన్ షుగర్ 100, గోధుమపిండి 100, ఓట్స్ 150 గ్రాములు, గుడ్డు ఒకటి, అర చెంచా సోడా, చిటికెడు ఉప్పు. 180 దగ్గరే పన్నెండు నిమిషాలు. అంచులు ఎర్రబడి నడుమ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీసేయాలి. ఇంకా ఉడకలేదేమో అని లోపలే ఉంచితే, చల్లారాక సుత్తి కావాలి. ట్రే మీద ఐదు నిమిషాలు కదపకుండా వదిలేస్తే వాటంతటవే గట్టిపడతాయి. గుడ్డు పడనివాళ్లకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఆంజాక్ బిస్కెట్లు మంచి దారి. ఓట్స్, కొబ్బరి, వెన్న, గోల్డెన్ సిరప్‌తో (చక్కెరతో చేసే చిక్కటి పాకం) గుడ్డు లేకుండా చేస్తారు. సోడాను వేడినీళ్లలో కలిపి, కరిగిన వెన్న, సిరప్‌లలో పోస్తే గిన్నెలో నురుగు పొంగుతుంది. మా పెద్దదానికి బిస్కెట్ కన్నా ఆ నురుగే ముఖ్యం.

సోడా అంటే ఇంకోటి గుర్తొచ్చింది. పెద్దదాని స్నేహితురాలికి వేరుశెనగ పడదని తెలిసి, వేరుశెనగ వెన్నకు బదులు కొన్న పొద్దుతిరుగుడు గింజల వెన్నను, ఒకసారి కరకరలాడే వెన్న రకంలో సగం వెన్న తీసేసి వేశాను. వేడిగా ఉన్నప్పుడు మామూలుగానే ఉన్నాయి. చల్లారాక విరిస్తే లోపల ఆకుపచ్చ! బూజు అనుకుని హడలిపోయాను. ఆ గింజల్లో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం సోడాతో కలిస్తే ఆ రంగు వస్తుందని తర్వాత చదివాను. తింటే ఏమీ కాదు. సోడా తగ్గించి కాస్త నిమ్మరసం పిండితే రంగు తగ్గుతుంది. ఆ రెండో దఫా నేను రంగు తగ్గించి చేస్తే ఇద్దరూ అలిగారు. వాళ్లకు ఆకుపచ్చవే కావాలట.

ఓవెన్ గురించి. నాది బల్ల మీద పెట్టుకునే చిన్నది. పేరు చెప్పను, ఎందుకంటే ఈ సైజువన్నీ ఇంచుమించు ఇలాగే ఏడిపిస్తాయని నా అనుమానం. దాని మీట 180 చూపించేటప్పుడు లోపల పెట్టిన థర్మామీటర్ 200 చూపించింది. ఆరు నెలలు బిస్కెట్ల అడుగులు మాడ్చుకుని, తప్పు నాదేననుకున్నాను. ఆ చిన్న థర్మామీటర్ ఈ మూడున్నరేళ్లలో కొన్నవాటన్నిటిలోకీ పనికొచ్చిన వస్తువు. దాని తర్వాత డిజిటల్ కాటా. ఎడమ మూల ఎక్కువ కాలుతుంది కాబట్టి సగంలో ట్రే తిప్పుతాను. నల్ల ట్రే అడుగును త్వరగా మాడుస్తుంది, వెండి రంగుదే మేలు. కింద పరిచే కాగితం ఓవెన్‌కు పనికొచ్చేదేనా అని చూసి కొనండి. మైనం పూసిన కాగితం పెట్టి నేను ఒక పూట ఇల్లంతా పొగబెట్టాను.

చిన్న ఓవెన్‌కు ఉన్న అసలు లోపం మాత్రం వేరే. పైన, పక్కల అంతా కాలుతుంది, తలుపు అద్దం మరీనూ. నడక వచ్చిన బిడ్డ ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. బల్ల లోపలి మూలకు జరిపాను, తీగ కిందికి వేలాడకుండా కట్టాను, నేల మీద ఎర్ర టేపుతో గీత వేశాను. ఓవెన్ వెలుగుతున్నంతసేపు ఆ గీత దాటకూడదు. చిన్నోడు కాలివేళ్లు సరిగ్గా గీత అంచున పెట్టి, మెడ మాత్రం ఎంత సాగితే అంత ముందుకు చాపి చూస్తాడు.

తిండి జాగ్రత్తల్లో నేను పట్టుదలగా ఉన్నవి కొన్నే. ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దు, బిస్కెట్‌లో కాలినా సరే. కాల్చితే పోతుంది కదా అని నేనూ అనుకున్నాను. ఓవెన్ 180 ఉన్నా, తడి ఉన్నంతసేపు బిస్కెట్ లోపలి వేడి 100 డిగ్రీలు దాటదు. తేనెలో ఉండే అవకాశమున్న బోట్యులినమ్ అనే ప్రమాదకర బ్యాక్టీరియా సిద్ధబీజాలు (నిద్రాణంగా ఉండే గట్టి రూపం) ఆ వేడికి చావవు. జీడిపప్పు, బాదం లాంటివి చిన్నోడికి నాలుగేళ్లు నిండేదాకా ముక్కలుగా కూడా వేయలేదు, పొడి చేసే వేశాను, గొంతులో అడ్డుపడతాయని. పచ్చిగుడ్డు, పచ్చి గోధుమపిండి ఉన్న ముద్దను నాకనివ్వను. అరటిపండు రకంలో ఆ రెండూ లేవు కాబట్టి, వేలితో తీసుకుని నాకినా చూసీచూడనట్టు ఊరుకుంటాను. ఆ రకం మా ఇంట్లో నిలబడిపోవడానికి అదొక పెద్ద కారణం. ప్రతి రెండు నిమిషాలకోసారి "వద్దు" అని అరవక్కర్లేదు.

చక్కెర విషయానికొస్తే, రెండేళ్లలోపు పిల్లలకు కలిపిన చక్కెర అసలు వద్దని, ఆ పైన పద్దెనిమిదేళ్ల వరకు రోజుకు 25 గ్రాముల లోపే ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. నా వెన్న రకంలో 20 బిస్కెట్లకు 100 గ్రాములు, అంటే ఒక్కోదానిలో 5. మూడు తింటే 15 అయిపోయినట్టే. ఓట్స్ అన్న మాట ఉంటే చాలు ఆరోగ్యం అనుకునేవాళ్లకు ఈ లెక్క చూపిస్తుంటాను. పిల్లల మీద ప్రేమతో చేసిందైనా, చక్కెర చక్కెరే.

పిల్లలు నిజంగా సాయం చేస్తారా? మూడేళ్ల లోపు చేయరు. పని రెట్టింపవుతుంది, ఓట్స్ రేకులు వారం తర్వాత కూడా సోఫా సందుల్లో దొరుకుతాయి. ఆ వయసులో అరటిపండు చిదమడం ఒక్కటే వాళ్లకు వదిలేయండి, దాన్ని ఎవరూ చెడగొట్టలేరు. నాలుగు దాటాక ఉండలు చేయడం వస్తుంది. ఆరు దాటాక కాటా మీద అంకె చూసి ఆపడం వస్తుంది. నా పని నిజంగా తగ్గింది ఆ తర్వాతే.

నిల్వ అంత గొప్పగా ఉండదు. అరటిపండు రకం బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు. తడి ఎక్కువ కాబట్టి మూత బిగించిన డబ్బాలో బయట వదిలేస్తే జిగటగా అయిపోతుంది. నేను ఉండలుగా చేసి, ట్రే మీద గడ్డకట్టించి, సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెడతాను. కావాల్సినప్పుడు ఆరేడు తీసి, అద్దడానికి వీలుగా కాస్త మెత్తబడనిచ్చి చదునుచేసి కాలుస్తాను. ఒక దశలో ఉత్సాహంకొద్దీ ఇద్దరికీ రోజుకు నాలుగేసి పెట్టాను. కడుపు ఉబ్బి ఇద్దరూ రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. పీచు ఒక్కసారిగా పెంచకూడదని అలా తెలిసింది. ఇప్పుడు రోజుకు రెండు, తోడుగా నీళ్లో పాలో.

ఒక కొత్త చిక్కు కూడా చెప్పాలి. బయట తీపి రుచి తెలిశాక పెద్దదానికి అరటిపండువి ఆనడం లేదు. వాటిని "తమ్ముడి బిస్కెట్లు" అని పక్కకు తోసేస్తోంది. ఖర్జూరం తరిగి వేశాను, కోకో పొడి వేశాను, కొంచెమే మారింది. చివరికి బేరం ఆడుకున్నాం: వెన్నవి నెలకు రెండుసార్లు, మిగతా వారాలు తమ్ముడివి. ఆ రెండుసార్లు ఎప్పుడొస్తాయో క్యాలెండర్‌లో అదే గుర్తు పెడుతుంది. ఈ నెల మూడు గుర్తులు కనిపించాయి, అడిగితే తమ్ముడు గీశాడంటోంది.