పీజీ నడిపే మనవాళ్ళకి జాగ్రత్త: ‘వెబ్‌సైట్, కెమెరా, స్టాటిక్ ఐపీ’ ప్యాకేజీ

బెంగళూరులో మారతహళ్ళి, మున్నేకొలాల, కుందలహళ్ళి గేటు చుట్టుపక్కల పీజీలు నడిపే తెలుగువాళ్ళందరికీ ఈ హెచ్చరిక. ఒకాయన మన పీజీల చుట్టూ తిరుగుతూ వెబ్‌సైట్, సీసీ కెమెరాలు, స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే ఇంటర్నెట్ అడ్రస్), అన్నీ కలిపి ఒకే రేటు అని అమ్ముతున్నాడు. తెలుగు బ్రహ్మాండంగా మాట్లాడతాడు. మొదటి రోజే అన్నా, వదినా అని వరసలు కలిపేస్తాడు. డబ్బు కట్టే ముందు ఇది పూర్తిగా చదవండి. ఆయన పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. పద్ధతి చెప్తాను, మీ గుమ్మంలోకి వస్తే మీరే గుర్తుపడతారు.

మా బావగారిది కావలి. ఇక్కడ లేడీస్ పీజీ నడుపుతారు. బెంగళూరు నగరపాలిక బీబీఎంపీ 2024లో పీజీలకి కొత్త నిబంధనలు పెట్టాక కెమెరాలు ఎటూ తప్పవు కాబట్టి, అన్నీ ఒకేచోట అయిపోతాయని ఈ ప్యాకేజీ తీసుకున్నారు. పీజీ పేరు మీద ఒక డాట్ కామ్ డొమైన్ (వెబ్‌సైట్ పేరు) కొన్నారు. అంటే, కొన్నామనుకున్నారు. "డొమైన్ మా అకౌంట్లో భద్రంగా ఉంటుందన్నా, ఆ పాస్‌వర్డులూ అవీ మీకెందుకు తలనొప్పి" అన్నాడట. ఆ పేరు బోర్డు మీదికి ఎక్కింది, విజిటింగ్ కార్డుల మీదికి ఎక్కింది, పిల్లల తల్లిదండ్రులకి పంపే మెసేజుల్లోకీ ఎక్కింది. ఏడాది తిరిగేసరికి "మెయింటెనెన్స్ పదిహేను వేలు" అని ఫోను. డాట్ కామ్ పేరు ఏడాదికి రెన్యువల్ మామూలుగా వెయ్యి, పదిహేను వందల దగ్గర తేలిపోతుంది. బావగారు కట్టనన్నారు.

ఆ తర్వాత బ్రౌజర్లో మా బావగారి డాట్ కామ్ పేరు కొడితే వేరే పీజీ ఫొటోలు రావడం మొదలైంది. అదీ అదే సందులోది, అదే మనిషి దగ్గర ప్యాకేజీ తీసుకున్న ఇంకొకరిది. గుంటూరు నుంచి కూతుర్ని దింపడానికి వచ్చిన ఒక పెద్దాయన సూట్‌కేసులతో సహా అక్కడికి చేరి, అక్కడ అడ్వాన్సు కట్టేశాక మా బావగారికి ఫోన్ చేసి "ఏసీ రూమ్ అన్నారు, ఫ్యాను కూడా సరిగ్గా తిరగడం లేదేంటండీ" అని నిలదీశారు.

నేను వైట్‌ఫీల్డ్‌లో నెట్‌వర్క్ పనే చేస్తాను, అందుకని ఇది నా దగ్గరికి వచ్చింది. ప్యాకేజీ అమ్మినాయన చేసింది హ్యాకింగ్ కాదు. ఇంటర్నెట్‌లో పేరు తనంతట తాను ఎక్కడికీ తీసుకెళ్ళదు. మిషన్లకి తెలిసేది ఐపీ అడ్రస్ అనే అంకె ఒక్కటే. పేరుని అంకెగా మార్చే ఏర్పాటు డీఎన్ఎస్, దాన్ని 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించారు. అంతకు ముందు ఏ పేరు ఏ అంకెదో అమెరికాలో ఒకేచోట ఒక ఫైల్లో రాసిపెట్టి ఉంచేవాళ్ళు, మిగతా కంప్యూటర్లన్నీ దాన్ని కాపీ చేసుకునేవి. ఇప్పుడు ఆ లెక్క ఎవరి డొమైన్‌ది వాళ్ళ అకౌంట్ నుంచే నడుస్తుంది. అకౌంట్ ఎవరిదైతే వాళ్ళు అందులో ఒక్క లైను మారిస్తే చాలు, మీ బోర్డు మీదున్న పేరు రేపటికల్లా ఎదురింటి పీజీకి దారి చూపిస్తుంది. ఈయన మార్చింది ఆ ఒక్క లైనే. స్టేషన్‌కి వెళ్తే "ఏం పోయింది సార్?" అని అడిగారు. చెప్పడానికి చేతిలో ఏమీ లేదు.

డొమైన్ ఎవరిదని తేల్చేది ఆయనిచ్చిన బిల్లు కాదు. డొమైన్లు రిజిస్టర్ చేసే కంపెనీ దగ్గర, అంటే రిజిస్ట్రార్ దగ్గర, ఎవరి పేరు, ఎవరి ఈమెయిల్ ఉన్నాయో వాళ్ళే సొంతదారు. డాట్ కామ్ లాంటి పేర్లకి ఐకాన్ అనే సంస్థ నియమాలు పెట్టింది. గడువు ముగియడానికి నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ గుర్తుచేయాలి. వేరే కంపెనీకి మార్చుకుంటామంటే దానికి కావలసిన కోడ్ ఐదు రోజుల్లోగా ఇవ్వాలి. ఇవన్నీ రిజిస్టరైన మనిషికే. మా బావగారికి ఒక్క మెయిలూ రాలేదు, ఎందుకంటే అన్నీ ప్యాకేజీ అమ్మినాయనకే వెళ్ళాయి. మీరు ప్యాకేజీ తీసుకుని ఏడాది దాటి ఉంటే ఇప్పుడే మీ ఇన్‌బాక్స్ వెతకండి. రిజిస్ట్రార్ నుంచి ఒక్క మెయిల్ కూడా లేదంటే డొమైన్ మీ పేరున లేదనే అనుమానించాలి.

డొమైన్ ఎవరి పేరున ఉందో చూపించే హూయిజ్ రికార్డులో చూసుకుంటాంలే అనుకోకండి. 2018లో యూరప్ ప్రైవసీ చట్టం వచ్చినప్పటి నుంచి అందులో సొంతదారు పేరు చాలావరకు దాచే ఉంటోంది. మీది మీకే కనపడదు, ఆయనది ఆయనకే కనపడదు. నమ్మదగిన పరీక్ష ఒక్కటే, మీ సొంత ఈమెయిల్‌తో రిజిస్ట్రార్ సైట్లో మీరే లాగిన్ కాగలగాలి.

పోరాడి వెనక్కి తెచ్చుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. డాట్ కామ్ పేర్ల తగాదాలకి 1999 నుంచి యూడీఆర్‌పీ అనే పద్ధతి ఉంది, డాట్ ఇన్ పేర్లకి మన దేశంలోనే ఐఎన్‌డీఆర్‌పీ ఉంది. కానీ జెనీవాలోని వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఒకే జడ్జితో కేసు వేయడానికే ఫీజు 1,500 డాలర్లు. పైగా ఆ పేరు మీద మీకు ట్రేడ్‌మార్క్ లాంటి హక్కు ఉందని నిరూపించుకోవాలి. మారతహళ్ళిలో సాయి, బాలాజీ, వెంకటేశ్వర లేని పీజీ ఎక్కడుందో చెప్పండి! మా బావగారు కొత్త పేరు కొనుక్కుని, బోర్డు మార్చుకున్నారు.

ఇక స్టాటిక్ ఐపీ. నా దృష్టిలో డొమైన్ కంటే పెద్ద మోసం ఇదే, ఎందుకంటే పైపైన చూస్తే దీన్ని ఎవరూ పట్టుకోలేరు. "ఫోన్లో ఎక్కడినుంచైనా కెమెరా చూడాలంటే స్టాటిక్ ఐపీ ఉండాలన్నా" అని ఏడాదికి 3,600 విడిగా తీసుకున్నాడు. డబ్బు తీసుకున్న రోజే ఫోన్లో లైవ్ చూపించాడు కూడా. బావగారు సంబరపడ్డారు. డొమైన్ గొడవ అయ్యాక నేను రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచి చూశాను. బయటి వైపు అడ్రస్ 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులు ఎవరికీ సొంతం కావు. ఇంటర్నెట్ కంపెనీలు తమ లోపలి వాడకానికి పెట్టుకోమని 2012లో పక్కకి తీసిన వరస అది. పబ్లిక్ అడ్రస్ ఒకటి ముందు పెట్టుకుని, దాని వెనక ఎంతోమంది కస్టమర్లని కూర్చోబెడతారు. దీన్ని సీజీనాట్ అంటారు. పెద్ద అపార్ట్‌మెంట్‌కి వచ్చిన ఉత్తరం మీద ఫ్లాట్ నంబర్ లేకపోతే వాచ్‌మన్ ఏ తలుపూ కొట్టలేడు, ఇదీ అంతే. లోపలి నుంచి బయటికి వెళ్ళొచ్చు, బయటి నుంచి నేరుగా మీ డీవీఆర్‌ని (కెమెరాల రికార్డింగ్ పెట్టెని) ఎవరూ చేరలేరు.

కంపెనీలు అలా చేయడంలో తప్పు లేదు. పాత ఐపీవీ4 పద్ధతిలో ఉన్న అడ్రసులే మొత్తం 429 కోట్ల చిల్లర. పంచడానికి ఉన్న చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. తప్పల్లా స్టాటిక్ అని డబ్బు తీసుకుని ఇది అంటగట్టడమే.

మరి ఫోన్లో కెమెరా ఎలా కనిపించింది? క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి కంపెనీ యాప్‌లో చూపించాడు. ఆ పద్ధతిలో డీవీఆరే బయటికి వెళ్ళి కెమెరా కంపెనీ సర్వర్‌ని పట్టుకుంటుంది, మన ఫోనూ అదే సర్వర్‌కి వెళ్తుంది. దానికి స్టాటిక్ ఐపీ అసలు అక్కర్లేదు. లేని వస్తువు అమ్మి, ఉచితంగా వచ్చే దాన్ని చూపించి, ఇదిగో పనిచేస్తోంది అన్నాడు. ఆ తెలివికి మాత్రం దండం పెట్టాలి.

మీకు స్టాటిక్ ఐపీ అని బిల్లు వేసి ఉంటే, రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే బయటి వైపు అడ్రస్, చూడండి. అదే వైఫైలో ఉండి గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికి, వచ్చిన అంకె చూడండి. రెండూ ఒకటే అయితే మీకు పబ్లిక్ అడ్రస్ ఉన్నట్టు. వేరువేరుగా ఉంటే, లేదా వ్యాన్ వైపు 10తోనో, 100.64 నుంచి 100.127 లోపో ఉంటే, మీ డబ్బు గోవిందా అనే అనుమానించాలి. పబ్లిక్ అయినా స్టాటిక్ కావాలని లేదు, రౌటర్ ఆపి వేస్తే అంకె మారిపోతూ ఉంటే అది స్టాటిక్ కాదు.

నిజమైన పబ్లిక్ ఐపీ దొరికితే వెంటనే సంబరపడొద్దు కూడా. అప్పుడు రౌటర్లో పోర్టు, అంటే బయటి నుంచి లోపలికి దారి, తెరిచి ఉంటే డీవీఆర్ ప్రపంచానికంతటికీ ఎదురుగా నిలబడుతుంది. మా దగ్గర యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డు 12345 అలాగే వదిలేశాడు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలా ఫ్యాక్టరీ పాస్‌వర్డులతో వదిలేసిన కెమెరాలు, డీవీఆర్‌లనే పట్టుకుని, వాటితోనే డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీని ముంచేసింది. ఆ అక్టోబరు 21న అమెరికాలో పెద్దపెద్ద సైట్లు తెరుచుకోలేదు. మనకి అంత దూరం కూడా అక్కర్లేదు. లేడీస్ పీజీ కారిడార్ కెమెరా ఎవడో తెలియనివాడు చూస్తుంటే ఆ అమ్మాయిల తల్లిదండ్రులకి ఏం చెప్తాం? పాస్‌వర్డు మార్చండి, రౌటర్లో పోర్టులు తెరిచి ఉంటే మూయించండి, యాప్‌తోనే చూసుకోండి. ఇన్‌స్టాల్ చేసిన మనిషి ఫోన్లో మీ కెమెరా ఇంకా జోడించి ఉందేమో యాప్‌లో షేరింగ్ దగ్గర చూసి తీసేయండి. మా బావగారి యాప్‌లో ఆయన నంబరు అప్పటికీ ఉంది. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండింది అక్కడే.

కొత్తగా తీసుకునేవాళ్ళు డొమైన్ మీ ఈమెయిల్‌తో, మీ కార్డు నుంచి, మీ ఎదురుగానే కొనమనండి. వెబ్‌సైట్ చేసేవాళ్ళకి డీఎన్ఎస్ మార్చే అనుమతి విడిగా ఇవ్వొచ్చు, చాలా రిజిస్ట్రార్ల దగ్గర ఆ సదుపాయం ఉంది. ఇంటర్నెట్ కనెక్షన్ బిల్లు మీద స్టాటిక్ ఐపీ అనే మాటా, ఆ అంకే రాయించుకోండి. ఒప్పుకోకపోతే పంపించేయండి, ఎస్పీ రోడ్డులో కెమెరాలు పెట్టేవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు.

ఇప్పటికే చిక్కుకున్నవాళ్ళు గడువు తీరకముందే కదలండి. ఆయనతో పోట్లాడకుండా, మంచి మాటలతోనే డొమైన్‌ని మీ అకౌంట్‌కి మార్పించుకోండి, ఆ తర్వాత లెక్కలు తేల్చుకోవచ్చు. మా బావగారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, స్టాటిక్ ఐపీ బిల్లు, రౌటర్ ఫొటో జతచేసి ఫిర్యాదు పెట్టారు. కన్స్యూమర్ కమిషన్‌లో ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, అక్కడా వేస్తున్నారు. ఇదే ప్యాకేజీ తీసుకున్నవాళ్ళు బిల్లులు దాచుకుని నాకు చెప్పండి, కలిసి వేద్దాం. ఆయన ఇప్పుడు ఏఈసీఎస్ లేఔట్ వైపు తిరుగుతున్నాడని విన్నాను. కార్డు మీద కంపెనీ పేరు మార్చాడట, ప్యాకేజీ మాత్రం అదే.