మ్యూజికల్ థియేటర్ కాలేజీలు చూడబోతే: పిట్స్‌బర్గ్ నుంచి సిన్సినాటి దాకా

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా చుట్టుపక్కల పిల్లలంతా కంప్యూటర్ సైన్స్ కాలేజీలు చూసి వస్తుంటే, పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి మ్యూజికల్ థియేటర్ చదువుతానని పట్టుబట్టింది. పాట, నటన, నాట్యం మూడూ ఒకే డిగ్రీలో నేర్పే చదువది. పేరున్న చాలా చోట్ల ఏడాదికి తీసుకునేది పాతిక మంది లోపే. ముందు పాటలు, సంభాషణ, నాట్యం వీడియోలు పంపాలి. అవి నచ్చితేనే ఆడిషన్‌కు పిలుస్తారు. అంత వడపోత దాటి సీటు తెచ్చుకున్నాక కాలేజీ నచ్చకపోతే ఎలా అని, అక్టోబరులో ముగ్గురం కారులో బయల్దేరాం.

యూనివర్సిటీ వాళ్లు తిప్పి చూపించే టూరు వేరు, డ్రామా విభాగం వాళ్లు క్లాసులో కూర్చోనివ్వడం వేరు. మొదటిది ఉచితం. ఒక విద్యార్థి వెనక్కి నడుస్తూ లైబ్రరీ, భోజనశాల, హాస్టలు గది చూపిస్తాడు. రెండోదానికి విభాగానికి విడిగా రాసి అనుమతి తీసుకోవాలి, అదీ కొన్ని వారాల ముందే. సమయం చాలకపోతే మొదటిది మానేయండి, నష్టమేమీ లేదు.

పిట్స్‌బర్గ్‌లో ఒకే ఊళ్లో రెండు కాలేజీలు చూడొచ్చు. కార్నెగీ మెలన్ ఆ ఊళ్లోనే ఓక్లాండ్ అనే పేట వైపు, పాయింట్ పార్క్ డౌన్‌టౌన్ నడిబొడ్డున. రెంటి మధ్య 61 నంబరు బస్సులు తిరుగుతూనే ఉంటాయి. ఓక్లాండ్‌లో పార్కింగ్ దొరకడం గగనం కాబట్టి కారు హోటల్లోనే వదిలేశాం. బస డౌన్‌టౌన్‌లోనే తీసుకోమంటాను. ఓక్లాండ్ హోటళ్లకు అక్కడి పెద్దాసుపత్రులకు వచ్చేవాళ్ల గిరాకీ ఎప్పుడూ ఉంటుంది, రేటు దిగదు. మాకు దొరికిన గది పాతదే, లిఫ్టు కూడా నత్తనడకే. అయినా రాత్రి నాటకం చూసి నడిచి రాగలిగాం.

కార్నెగీ మెలన్ డ్రామా స్కూలు 1914 నాటిది. అమెరికాలో నాటక విద్యకు డిగ్రీ ఇచ్చిన మొదటి చోటు అదే, ఆ సంగతి వాళ్లు మనల్ని మరిచిపోనివ్వరు. మ్యూజికల్ థియేటర్ పిల్లలూ నటన పిల్లలూ కలిసి చదువుతారు, కాబట్టి మొగ్గు నటన వైపే. అదే ప్రాంగణంలో రోబోలు చేసే విభాగాలు కూడా ఉన్నాయి. మా ఆయన కాసేపు అటు చూసి నిట్టూర్చారు. పాయింట్ పార్క్‌కు నాట్యంలో పేరు. 2018లో ఫోర్బ్స్ అవెన్యూ మీద కట్టిన ప్లేహౌస్‌లో వాళ్ల ప్రదర్శనలు జరుగుతాయి. పచ్చిక, చెట్ల నీడ ఆశించేవాళ్లకు ఆ కాలేజీ రుచించదు, మా అమ్మాయికి మాత్రం అదే నచ్చింది. భోజనం సంగతికొస్తే, ఊరి శివారు పెన్ హిల్స్‌లో 1970 దశకంలో కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. దర్శనం అయ్యాక క్యాంటీన్లో పులిహోర, పెరుగన్నం తిన్నాం. దారిలో తిన్న శాండ్‌విచ్‌లన్నీ ఆ పెరుగన్నం ముందు దిగదుడుపే.

క్లాసులో ఏం చూడాలో ఒక ఉదాహరణ చెబుతాను. ఒకవైపు గోడంతా అద్దం, మూల పియానో, వెనక గోడవారన కుర్చీల్లో నేనూ మా అమ్మాయి. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె నొటేషన్ ఫైలు పియానో ఆయన ముందు పెట్టి, రెండు పంక్తులు మెల్లగా కూనిరాగం తీసి లయ తెలిపి, పాట అందుకుంది. గొంతు అద్భుతం. చప్పట్లు కొడదామనుకుంటుండగా టీచరు ఆపేశారు. రాగం లేకుండా మాటలు మాత్రం చెప్పమన్నారు. చెప్పింది. “ఎవరితో చెబుతున్నావు?” అని అడిగితే ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. ఆవిడ ఒక అబ్బాయిని లేపి తలుపు వైపు నడవమని, అతణ్ని ఆపుతూ పాడమని పురమాయించారు. మూడో పంక్తికి గొంతు కొంచెం జీరబోయింది. నాదం నునుపు తగ్గింది గానీ, ఆ పాట ఎందుకు పాడుతోందో నాకప్పుడే తెలిసింది. మిగతా పిల్లల్లో ఒక్కరి చేతిలోనూ ఫోను లేదు. ఇంకో కాలేజీలో (పేరెందుకులెండి) టీచరు తన పాత వైభవం చెప్పుకుంటుంటే వెనక వరసంతా ఫోన్లలో మునిగి ఉంది. మేం తెచ్చుకున్న వాటిలో అన్నిటికన్నా అందమైన బ్రోషరు ఆ కాలేజీదే.

ఒహాయోలోని బెరియా ఊరు చిన్నది. ఒకప్పుడు ఇసుకరాయి గనులకు పేరు. అక్కడి బాల్డ్విన్ వాలెస్‌లో ఇచ్చేది బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్ డిగ్రీ. మేం చూసిన మిగతావి బీఎఫ్ఏలు (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్). అంటే ఇక్కడ సంగీత శాస్త్రం పాలు ఎక్కువ, నొటేషన్ చూసి పాడటం తప్పదు. చిన్నప్పటి నుంచి సరళీ స్వరాలు, అలంకారాలు పాడిన పిల్లకు ఆ క్లాసు కొరుకుడుపడింది. స్వరం మీద నిటారుగా నిలవమన్నప్పుడు గమకం దొర్లకుండా చూసుకోవడమే కష్టం. క్లీవ్‌లాండ్ విమానాశ్రయం పక్కనే కాబట్టి హోటళ్లు చవక, పొద్దున టిఫిను ఉచితం, విమానాల మోత కూడా ఉచితమే.

ఆన్ ఆర్బర్‌కు వెళ్లేముందు ఫుట్‌బాల్ షెడ్యూలు చూసుకోండి. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా ఏడు వేల పైచిలుకు సీట్లు. సొంత ఊళ్లో ఆట ఉన్న శనివారం మామూలు గదికి మూడింతలు అడిగారు. పక్కనున్న ఇప్సిలాంటిలో శుభ్రమైన గది తీసుకున్నాం, ఏ లోటూ లేదు. పైగా సంగీతం, డ్రామా క్లాసులు జరిగేది నార్త్ క్యాంపస్‌లో, ఊరి మధ్య హోటలుకు డబ్బు పోసినా అది దగ్గర కాదు. రెండు క్యాంపస్‌ల మధ్య యూనివర్సిటీ బస్సులు ఉచితం. మంచి చోటే, కానీ అంత పెద్ద యూనివర్సిటీలో మా అమ్మాయికి ఊపిరాడలేదు.

అక్కడి నుంచి ఐ-75 హైవే మీద నాలుగు గంటలు దిగితే సిన్సినాటి. 1867 నాటి కన్సర్వేటరీ (సంగీత పాఠశాల) మూలాలున్న సీసీఎం, అంటే కాలేజ్-కన్సర్వేటరీ ఆఫ్ మ్యూజిక్, 1962లో సిన్సినాటి యూనివర్సిటీలో కలిసింది. పిట్‌లో, అంటే వేదిక ముందు వాద్యబృందం కూర్చునే గుంటలో, వాయించేదీ అక్కడి సంగీత విద్యార్థులే కావడంతో విద్యార్థుల ప్రదర్శనకు కూడా నిండైన వాద్యబృందం అమరుతుంది. అది విన్నాక, రికార్డింగ్ పెట్టి పాడించే చోట్లు వెలవెలబోయాయి. ఊరి ప్రసిద్ధ వంటకం స్పగెట్టీ మీద మాంసం, చీజు. శాకాహారులకు బీన్సు, అన్నంతో చేసి పెడతారు, పర్వాలేదు.

ఎక్కడికి వెళ్లినా ఆఖరి ఏడాది పిల్లలను పట్టుకుని రెండు ప్రశ్నలు అడగండి. మొదటి ఏడాది వాళ్లకు నాటకంలో వేషం ఇస్తారా? మీతో చేరినవాళ్లలో ఇప్పుడెంతమంది మిగిలారు? కొన్ని చోట్ల మొదటి ఏడాది రంగస్థలం ఎక్కనివ్వరు, అది టూరులో ఎవరూ చెప్పరు. మా అమ్మాయి జాబితాలో ఇప్పుడు సిన్సినాటి, కార్నెగీ మెలన్ పైన ఉన్నాయి, నా జాబితాలో బెరియా. వచ్చే శీతాకాలం న్యూయార్క్‌లో చాలా కాలేజీలు ఒకేసారి ఆడిషన్లు పెడతాయి. అక్కడికి ఎడిసన్ నుంచి రైల్లో పోయి రావచ్చు, హోటలు ఖర్చు లేదు.